పిట్టల వాటా

పోయిన వారం పాలకేంద్రం దగ్గర వీరరాఘవమ్మ అన్న మాట ఊరు చుట్టి, గురజాల బస్టాండు దాకా పోయి, అక్కడ టీ తాగి మరీ వెనక్కి వచ్చింది. ఊరికే రాలేదు, నాలుగు తోకలు తగిలించుకుని వచ్చింది. అందుకని ఆ మాట అసలు ఏమిటో, ఎందుకు అన్నదో ఒకసారి సరిగ్గా చెప్పుకోవాలి. లేకపోతే ఈ ఆదివారం పొద్దున్నే గుండ్లమెట్టలో సగం ఊరు ఆవిడ దొడ్లో ఎందుకు చేరిందో అంతుపట్టదు.

వీరరాఘవమ్మ దొడ్లో, పశువుల పాక వాసానికి, పాత ఎడ్లబండి కాడి ఒకటి రెండు తాళ్ళతో వేలాడుతూ ఉంటుంది. దానికి ఏటా జొన్నకంకుల కుచ్చులు కడుతుంది. అవి మనుషులకు కాదు, పిట్టలకు. ఆ ఇంట్లో జొన్న కోస్తే మొదటి మోపు పిట్టలదని తాతల నాటి ఆనవాయితీ. మామగారు ఇద్దరు కొడుకులకూ పొలమూ ఇల్లూ చెరిసగం పంచి, చివర్లో "మరి పిట్టల వాటా ఎవరు చూస్తారు" అని అడిగాడు. కొడుకులిద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే, తలుపు పక్కన నిలబడ్డ పెద్దకోడలు వీరరాఘవమ్మ "పెద్దింటిది" అని ఒకే మాట అంది. ఆనాటి నుంచి ఊరంతా మిరపకీ పత్తికీ మళ్ళినా, మొగుడు పోయినా, కొడుకు శ్రీకాంత్ నరసరావుపేటలో పురుగుమందుల షాపు పెట్టుకుని వ్యవసాయం దండగన్నా, ఆవిడ మాత్రం దొడ్డి వెనక మెట్టచేలో కాస్తంత జొన్న వేయడం మానలేదు.

ఈ ఏడు ఆ కంకుల మీదికి పిచ్చుకలతో పాటు కొత్త పిట్టలు దిగాయి. తలంతా నలుపు, మెడ నుంచి పొట్ట దాకా నిమ్మపండు పసుపు, వీపు ఇటుక రంగు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడని పిట్ట. ఆ సంగతి పాలకేంద్రం దగ్గర చెబితే, సొంత మరిది నరసింహారావు మీసం మీద చెయ్యేసి, "మా వదిన గిజిగాణ్ణి చూసి గరుత్మంతుడొచ్చాడంటంది" అన్నాడు. పాలు పోయించుకునేవాళ్ళూ పోసేవాళ్ళూ అందరూ నవ్వారు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆదివారం పొద్దున పదిమందీ రండి. నా దొడ్లో, మీ కళ్ళకి చూపిస్తా. చూపించలేకపోతే గోడ నా చేత్తో కొట్టి, నరసింహం ట్రాక్టరుకి దారి ఇస్తా" అంది.

ఇదీ మాట. ఆ గోడ సంగతి ఊళ్ళో తెలియనివాడు లేడు. నరసింహారావు పొలం వీరరాఘవమ్మ దొడ్డికి అవతల ఉంది. ఆ దొడ్డి గుండా దారి ఇస్తే నాలుగు అడుగుల్లో పొలంలో ఉంటాడు. ఇవ్వకపోతే ట్రాక్టరు ఊరంతా తిరిగి కాలవగట్టు మీదుగా పోవాలి. దారి అడిగిన రోజున, కాడి తియ్యకుండా ట్రాక్టరు పట్టదని తెలిసి, వీరరాఘవమ్మ మర్నాడే తాపీమేస్త్రీని పిలిపించి రెండు దొడ్ల మధ్య గోడ కట్టించింది. అది మొదలు ఆవిడకీ తోడికోడలు అలివేలమ్మకీ మాటల్లేవు. మరిదితో మాత్రం ఉన్నాయి, పోట్లాడుకోవాలి కదా.

అలాంటి గోడని పందెంలో పెట్టింది. కోపం ముక్కు మీద ఉండే మనిషికి నోరు దానికి బెత్తెడు దూరంలోనే ఉంటుంది మరి.

*

శనివారమంతా వీరరాఘవమ్మ ఒక చోట కూర్చోలేదు. పదిమంది వస్తున్నారు. నరసరావుపేట కాలేజీలో జువాలజీ చెప్పే దేవిక అనే ఆవిడ కూడా పెద్ద కెమెరా పట్టుకుని వస్తోంది. కోడలు, శ్రీకాంత్ భార్య ప్రశాంతి ఫోన్లో తీసి పంపిన మసక ఫొటో చూసి, "ఇది నేను కళ్ళారా చూడాలండీ" అని తనే ఫోన్ చేసింది. బయటి మనిషి ఇంటికొస్తుంటే పెద్దింటి దొడ్డి ఎలా ఉండాలి? పేడ నీళ్ళు చల్లించింది. మూలల్లో బూజు దులిపించింది. పాక ముందు ముగ్గు పెట్టించింది. కాడికి పాత కుచ్చులు విప్పేసి కొత్తవి కట్టింది. కట్టి, ఓ అడుగు వెనక్కి వేసి, పెళ్ళికూతురికి జడ అల్లినంత మురిపెంగా చూసుకుంది.

అప్పుడే ఆవిడ కంటికి పాక పక్కనున్న కందికట్టె కుప్ప కనిపించింది. ఏడాదిగా అక్కడే పడి ఉంది. సగం ఒరిగి, మీద సొరతీగ పాకి, చూడటానికి అసహ్యంగా ఉంది.

"ఏమే ప్రశాంతీ, పదిమంది వచ్చే చోట ఈ కట్టెల కుప్ప ఏంది? తీయించు."

"ఎక్కడ పెట్టించమంటారు అత్తయ్యా?"

"ఎవరికన్నా ఇచ్చెయ్. రేపు పొద్దున నా కంటికి కనపడకూడదు."

ప్రశాంతి తీయించింది. ఎవరికిచ్చిందో ఈవిడ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇంకో దారి పట్టేది.

*

ఆదివారం తెల్లవారేసరికి జనం వచ్చేశారు. శివరాత్రి పోయి ఎండ ముదురుతున్న రోజులు, కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, అయినా పని మానుకుని మరీ వచ్చారు. పల్నాట్లో పంటకంటే పందెం ముఖ్యం. నరసింహారావు అందరికంటే ముందు వచ్చి, వదిన ఇంటి ప్లాస్టిక్ కుర్చీనే లాక్కుని, కాడికి ఎదురుగా, పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చున్నాడు. దేవిక మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించి, జనాన్ని గోడవారగా జరిపి, "మాటలు తగ్గించండి, కదలకండి" అని బతిమాలుకుంది. మాటలు తగ్గాయి గానీ దగ్గులు ఎక్కువయ్యాయి.

వీరరాఘవమ్మ ఆకుపచ్చ అంచు మంగళగిరి చీర కట్టుకుని, పాక గుంజకు ఆనుకోకుండా నిలబడింది. ఆనుకుంటే అలిసిందంటారని. ఆవిడ పుట్టిల్లు వెల్దుర్తి దగ్గర మెట్ట ఊరు. పెళ్ళికాక ముందు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పిందంటే రాయి వేసిన చోట పడేది, ఆ చుట్టుపక్కల చేలల్లో పిట్ట వాలడానికి జంకేది. అంత కొట్టిన చేతులతోనే ఇప్పుడు కుచ్చులు కడుతోంది. ఎందుకమ్మా అంటే, "తినేదాన్ని ఎంత తరిమినా తప్పు కాదు, వాటా పెట్టకుండా తరిమితే తప్పు" అంటుంది. ఈ ముక్క కనీసం నాలుగు పెళ్ళిళ్ళలో చెప్పి ఉంటుంది.

ముందు పిచ్చుకలు వచ్చాయి. తర్వాత రెండు గువ్వలు వచ్చి, జనాన్ని చూసి, పైకప్పు మీదే ఆగిపోయాయి. ఒక ఉడుత తాడు మీద దిగి, కొత్త కంకి ఒకటి తుంచుకుని పోయింది.

"వదినా, ఇదేనా గరుత్మంతుడు?" అన్నాడు నరసింహారావు.

జనం నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డారు. కొందరు ఆపుకోలేకపోయారు.

"కూర్చో. వస్తయ్యి" అంది వీరరాఘవమ్మ.

ఎండ పాక మీద నుంచి దొడ్లోకి దిగింది. పేడకళ్ళాపి ఆరిపోయింది. ఆ పిట్టలు రోజూ ఎప్పుడు వస్తాయో ఆ వేళ దాటింది, ఆ సంగతి ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. మొహంలో చిన్న కదలిక లేకుండా నిలబడింది గానీ లోపల లెక్కలు వేసుకుంటోంది. ఎందుకు రాలేదు? నిన్న వచ్చాయి, మొన్న వచ్చాయి. ముందు వచ్చి కాసేపు కూర్చుని, అటూ ఇటూ చూసుకుని, భయం లేదనుకున్నాక గదా కాడి మీదికి దిగేవి. ఎక్కడ కూర్చునేవి?

చూపు పాక పక్కకు పోయింది. అక్కడ ఊడ్చి అలికిన నేల తళతళలాడుతోంది. దాని మీద ప్రశాంతి పెట్టిన ముగ్గు కూడా ఉంది, బాగుంది.

కందికట్టె కుప్ప.

రోజూ వచ్చి ఆ పుల్లల చివర వాలేవి. ఆ సొరతీగ చాటున ఒదిగి, పిల్లి లేదు కుక్క లేదు అని నమ్మకం కుదిరాక దిగేవి. ఆ కుప్పను తనే తీయించింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పదిమంది ముందు దొడ్డి అద్దంలా ఉండాలన్న తన గొప్పే తన పిట్టల్ని వెళ్ళగొట్టింది. వీరరాఘవమ్మకి సిగ్గేసింది. ఇంకొకరి మీద వచ్చే కోపానికి ఆవిడకి అలవాటుంది గానీ, తన మీద తనకే వస్తే ఏం చేయాలో తెలియలేదు.

ప్రశాంతికి కూడా అప్పుడే తట్టినట్టుంది. పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "అత్తయ్యా, కట్టెలు తీశాం గదా, అందుకే... ఆ మాట చెప్పేద్దాం. ఇంకో ఆదివారం అడుగుదాం."

"చెప్పను."

"నిజమే గదా అత్తయ్యా."

"నిజమే. ఓడిపోయినోళ్ళ నోట నిజం కూడా వంక లాగే ఉంటది. నోరు మూసుకో."

నరసింహారావు లేచి పైపంచె దులుపుకున్నాడు. "సరే వదినా. పొద్దెక్కింది, కల్లంలో కాయలు తిరగేయాలి. మేస్త్రీని నేను పంపించనా, నువ్వు పిలిపిస్తావా?"

జనం ఈసారి నవ్వలేదు. వీరరాఘవమ్మ మొహం చూసి ఎవరికీ నవ్వు రాలేదు. ఆ ఊళ్ళో ఆవిడ చేతి అన్నం తినని ఇల్లు తక్కువ, ఆవిడ చేత తిట్లు తినని ఇల్లు ఇంకా తక్కువ.

సరిగ్గా అప్పుడే పక్క డాబా మీద నుంచి జహంగీర్ గొంతు వినిపించింది. జహంగీర్‌ది గురజాల, మోటార్లు రిపేరు చేస్తాడు. నరసింహారావు ఇంటి నీళ్ళ మోటారు చెడిపోతే పొద్దుటి నుంచీ ఆ డాబా ఎక్కి దాన్ని విప్పి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నల్ల తలకాయ, పసుప్పచ్చ పొట్ట, అదేనా నువ్ చెప్పేది?"

"అదే. ఏంది?"

"మరి అక్కడ నిలబడి ఏం చూస్తన్నారు మీరంతా? ఇటు ఉండాయి. చిన్నమ్మోళ్ళ దొడ్లో. చానా ఉండాయి."

*

ఇక ఆ గోడ దగ్గర జరిగిన తొక్కిసలాట చెప్పనలవి కాదు. ఎత్తు ఉన్నవాళ్ళు మెడ చాచారు, లేనివాళ్ళు ఇటుకలు పేర్చుకుని ఎక్కారు. దేవిక కెమెరా ఊడదీసి, ఎవరో తెచ్చిన నిచ్చెన మీద సగం ఎక్కి, "దయచేసి అరవకండి" అని తనే అరిచింది.

గోడ అవతల నరసింహారావు దొడ్లో, అరుగు పక్కన, కందికట్టె కుప్ప ఉంది. వాడిపోయిన సొరతీగతో సహా ఉంది. మిరపకూలీలకు వంట చెరకు కావాలని అలివేలమ్మ అంటే, ప్రశాంతి రాత్రికి రాత్రి గోడ మీదుగా అందించింది. అత్తలకు మాటల్లేకపోయినా కోడలికి ఉన్నాయి. ఆ కుప్ప నిండా పిట్టలు. పుల్ల పుల్లకీ ఒకటి. అలివేలమ్మ రొట్టెల కోసం పట్టా మీద ఆరబోసిన జొన్నల మీదికి దిగుతున్నాయి, ముక్కుతో గింజ పట్టి మళ్ళీ పుల్ల మీదికి ఎగురుతున్నాయి. ఎండ తగిలి ఆ పసుపు మెరుస్తుంటే, ఊళ్ళో వాగుడుకు పేరుపడ్డ వాళ్ళు కూడా నోరు మెదపలేదు.

దేవిక చాలాసేపు కెమెరాలోంచి కన్ను తీయలేదు. తీసేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఇది గిజిగాడు కాదండీ. నల్లతల బంటింగ్ అంటారు. ఇరాన్ వైపు, ఇంకా అవతలి దేశాల్లో గుడ్లు పెడుతుంది. చలికాలానికి మన దేశం వస్తుంది. గుజరాత్, మహారాష్ట్ర జొన్నచేలల్లో గుంపులుగా దిగుతుంది. మన పల్నాడులో నేను చూడటం ఇదే మొదలు. వీరరాఘవమ్మగారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం."

వీరరాఘవమ్మకి కళ్ళు చెమర్చాయి. ఇరాన్ ఎక్కడుందో ఆవిడకి తెలియదు. ఎడారులు దాటి, కొండలు దాటి, ఇన్ని ఊళ్ళ మీదుగా ఎగిరి, ఒక పిడికెడంత పిట్ట తన కాడి వెతుక్కుంటూ వచ్చిందన్నది మాత్రం అర్థమైంది. మామగారు ఉంటే బాగుండును అనుకుంది. ఛాతీ నిండా గర్వం పొంగి, మెడ దానంతటదే నిటారైంది.

"విన్నావా నరసింహం?" అంది.

నరసింహారావు వింటున్నాడు. గోడ మీద మోచేతులు ఆనించి తన దొడ్డిని తనే కొత్తగా చూసుకుంటున్నాడు. అప్పటికే ఫోను తీసి రెండు ఫొటోలు కొట్టాడు, మాచర్లలో బావమరిదికి ఫోన్ కలిపాడు. "ఆఁ బావా, ఇరాన్ పిట్టలు. మా దొడ్లోనే. కాలేజీ మేడం వచ్చింది ఫొటోలు తీయడానికి. మా ఇంటికే" అంటున్నాడు. గడియ క్రితం ఆ పిట్ట గిజిగాడు. ఇప్పుడు వాళ్ళింటి అల్లుడు.

ఫోను జేబులో పెట్టుకుని వదిన వైపు తిరిగాడు. మీసం మీదికి చెయ్యి దానంతటదే పోయింది.

"పిట్ట ఉందన్న మాట నిజమే వదినా. నీ నోట అబద్ధం రాదని నాకు తెల్సు. కాని నువ్వన్నదేంది? నా దొడ్లో చూపిస్తా అన్నావు. పిట్ట నా దొడ్లో ఉంది."

గోడకి అటూ ఇటూ ఒక్కసారి గోల లేచింది. "పిట్టకి హద్దురాయి ఏందయ్యా" అన్నారు కొందరు. "మాటంటే మాటే గదా" అన్నారు ఇంకొందరు. "ఆ కట్టె పెద్దమ్మది, కాబట్టి పిట్ట కూడా పెద్దమ్మదే" అని డాబా మీద నుంచి జహంగీర్ తీర్పు చెప్పాడు. దేవిక నిచ్చెన మీద నుంచే, "అసలు విషయం పిట్ట వచ్చిందా లేదా అన్నది కదండీ" అని ఏదో సర్దబోయింది. పాపం, నరసరావుపేటలో పెరిగిన మనిషి, ఇక్కడ అసలు విషయం ఎప్పుడూ మాటేనని ఆమెకెలా తెలుస్తుంది?

వీరరాఘవమ్మ చెయ్యెత్తింది. గోల ఆగింది.

"ఎవరూ నా తరఫున మాట్లాడొద్దు. నేనేమన్నానో నాకు గుర్తుంది. నా దొడ్లో అన్నా. నా దొడ్లో చూపించలేకపోయా. ప్రశాంతీ, గడ్డపలుగు పట్రా."

"అత్తయ్యా..."

"పట్రా."

ప్రశాంతి కదలకపోతే తనే పాకలోకి పోయి తెచ్చుకుంది. కొంగు నడుముకి బిగించింది. ఆ వయసు మనిషి ఆ పలుగు ఎత్తిన తీరు చూసి, జనం చెప్పకుండానే దారి ఇచ్చారు. మొదటి దెబ్బకి సిమెంటు పెచ్చు ఊడింది. రెండో దెబ్బకి ఇటుక కదిలింది. అవతల పిట్టలు ఒక్క ఊపున లేచి, డాబా మీదుగా చుట్టు తిరిగి, ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు మళ్ళీ కట్టెపుల్లల మీదికే వచ్చాయి.

"ఆగు వదినా" అన్నాడు నరసింహారావు.

"అడ్డు లే."

"ఆగమంటన్నాగా. గోడ కొడితే బెదిరిపోతయ్యి."

"బెదిరితే తిరిగొస్తయ్యి. నా మాట పోతే తిరిగి రాదు. దారి అడిగావు. తీసుకో."

"నాకొద్దు."

ఆవిడ పలుగు దించింది. "ఏందీ?"

"దారి నాకొద్దు. మాఫీ చేశా. పిట్టలు వచ్చినయ్యి గదా, వాటి దారిన వాటిని బతకనీయ్. రేపు ట్రాక్టరు తోలితే ఈ కుప్ప ఉంటదా? పెద్ద మనసు నీకొక్కదానికే ఉందా?"

జనంలోంచి "శభాష్" అన్నారు ఎవరో. నరసింహారావు ఆ మాట అందుకుని ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు. వీరరాఘవమ్మకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఓడిపోవడం ఒక ఎత్తు. ఓడిపోయాక ఎదుటివాడి దయ మీద బయటపడటం ఇంకో ఎత్తు. కాపురానికి వచ్చినప్పుడు నిక్కరు వేసుకుని బడికి పోయే పిల్లాడు, తను అన్నం కలిపి పెట్టిన పిల్లాడు, ఇవాళ ఊరందరి ముందు తనకి మాఫీ ఇస్తున్నాడు.

"నీ మాఫీ ఎవడడిగాడయ్యా" అంది. గొంతు పెద్దది చేయలేదు. చేయకపోవడమే భయం పుట్టించింది. "ఓడా, ఇచ్చుకుంటా. రేపు ఎవడన్నా వీరరాఘవమ్మ మాట మరిది మాఫీ చేస్తే నిలబడిందంటే, ఆ రోజు నేను తినే అన్నం అరగదు. జరుగు."

మూడో దెబ్బ వేసింది. రెండు ఇటుకలు అవతలికి పడ్డాయి. గోడలో మనిషి మొహమంత కంత పడింది.

ఆ కంతలో నిజంగానే మొహం కనిపించింది. అలివేలమ్మ. చేతిలో చేట, నుదుట చెమట. గోడ లేచిన నాటి నుంచి తోడికోడళ్ళిద్దరూ ఇంత దగ్గరగా మొహాలు చూసుకోలేదు. చెంపలు నెరిశాయే దీనికి అనుకుంది వీరరాఘవమ్మ. అవతల ఆమె కూడా అదే అనుకుని ఉంటుంది.

"కొట్టబాక అక్కా" అంది అలివేలమ్మ.

ఇన్నేళ్ళ తర్వాత ఆ పిలుపు. వీరరాఘవమ్మ చేతిలో పలుగు బరువెక్కింది. "నువ్వు కూడా మాఫీ చేస్తావా ఏందే?"

"మాఫీ కాదక్కా. ఏ పొలానికి దారి ఇస్తావు? పొలం ఉంటే గదా."

"అలివేలూ" అన్నాడు నరసింహారావు.

"ఉండవయ్యా. ఊరందరి ముందు గొప్ప నువ్వు కొట్టేసి, చేతులు కాయలు కాసేది ఆమెకా?" ఆమె మొగుడి వైపు చూడనే లేదు, కంతలోంచి తోడికోడల్నే చూస్తోంది. "మిరప రెండేళ్ళు వరసన ముంచింది. ఈ కాయ కోత అవగానే మా వాటా మెట్టచేను అమ్మేశాం అక్కా. సంతకాలు కూడా అయిపోయినయ్యి. దారి వద్దన్నది పిట్టల కోసం కాదు, ఈయనకి పోవడానికి చేను లేక."

శభాష్ అన్నవాడు ఎవరో గానీ వెనక్కి జరిగాడు. నరసింహారావు మీసం మీది చెయ్యి తీసేసి, ఏం చేయాలో తెలియక పైపంచె పట్టుకున్నాడు. వీరరాఘవమ్మ అతన్ని తిట్టలేదు. తాతల చేను చెయ్యి జారిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూసింది, చాలనుకుంది. ఇంతసేపూ అతను గర్వపడింది నిజానికి పిట్టల్ని చూసేనేమో, ఇంకేం మిగిలింది గర్వపడటానికి అనిపించింది. మొదటిసారి మరిది మీద జాలేసింది.

"నాకొక్క మాట చెప్పకుండానా నరసింహం" అంది.

అతను నేల చూశాడు.

"ఎవరికి అమ్మావు?"

అతను పెళ్ళాం వైపు చూశాడు. అలివేలమ్మ కూడా ఈసారి తడబడింది. చేట ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"మీ వాడికే అక్కా. శ్రీకాంత్‌కి. గోడౌన్ కడతాడంట, పురుగుమందుల గోడౌన్. నీ జొన్న సాళ్ళు కూడా అందులో కలుపుతానన్నాడు, మా అమ్మ నేను చెప్తే కాదనదు అన్నాడు."

వీరరాఘవమ్మ కోడలి వైపు తిరిగింది. ప్రశాంతి ముగ్గు చెరిగిన చోట నిలబడి ఉంది. కాదని అనలేదు, అవునని అనలేదు. ఆ పిల్ల మెడ వంచిన తీరే చెప్పింది.

ఏడుస్తుందేమో అనుకున్నారు కొందరు. ఆ మనిషిని ఇన్నేళ్ళు చూసి కూడా అలా అనుకున్నవాళ్ళ తెలివికి దండం పెట్టాలి. ఆవిడ పలుగు నేలకి ఆనించి, రెండు చేతులూ దాని మీద పెట్టి, వెన్ను నిలువుగా నిలబడింది. గోడకి అవతల పిట్టలు గింజలు ఏరుకుంటున్నాయి.

"సరే" అంది. "చేను ఎవరిదైతే దారి వాళ్ళది. నేనన్నమాట నేను తప్పను. కాని గోడ మిగతాది ఊరికే కొట్టను. పిట్టల వాటా మీద గోడౌన్ కడతానన్నోడు ఈ పదిమంది ముందు, ఈ కాడి కింద నిలబడి, నన్ను దారి అడగాల. అడిగితే ఇస్తా. ప్రశాంతీ, మీ ఆయనకి ఫోన్ చెయ్."

ప్రశాంతి తల ఎత్తింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"ఫోన్ అక్కర్లేదు అత్తయ్యా" అంది. "ఆయన ఇందాకటి నుంచీ వీధిలో కార్లోనే కూర్చుని ఉన్నారు. లోపలికి రావడానికి ధైర్యం చాలక."

జనం వీధి తలుపు వైపు తిరిగారు. బయట కారు తలుపు తెరుచుకుంది.